లైటు ఆరితే సరిపోదు

కామారెడ్డి జిల్లా రాజంపేట నుంచి హైదరాబాద్ వైపు పోయినా, నిజామాబాద్ వైపు పోయినా 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాలి. ఆ రోడ్డు మీద లారీ వెనక గుద్దుకున్న కారుకు డెంటింగ్, పెయింటింగ్ చేయిస్తే కొన్నాళ్లకే కొత్తదానిలా మెరుస్తుంది. రేడియేటర్ దగ్గర తెగిన ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ తీగను ఎవరు ఎలా కలిపారన్నది మాత్రం ఎవరికీ కనబడదు. ప్రాణం నిలిపేది ఆ తీగే.

ఢీకొన్నాక సెకనులో ఇరవయ్యో వంతు గడిచేలోగా సంచి విచ్చుకోవాలి. ముందున్న సెన్సార్ దెబ్బను పసిగడితే, కంట్రోల్ యూనిట్ సంచిని పేలుస్తుంది. సంచిని పేల్చే ఇగ్నైటర్ నిరోధం దాదాపు 2 ఓమ్‌లే. మెలితిప్పి టేపు చుట్టిన అతుకులో వానాకాలం చెమ్మ చేరి తుప్పు పడితే ఆ కొద్దిపాటి లెక్క తప్పుతుంది. అందుకే చాలా కంపెనీలు పసుపు రంగు తొడుగున్న ఈ తీగలకు అతుకులే వద్దంటాయి, వైరింగ్ మొత్తం మార్చమంటాయి. బ్యాటరీ తీసి కొన్ని నిమిషాలు ఆగకుండా ముట్టుకోవద్దనీ చెబుతాయి. యూనిట్‌లో నిలవ ఉండే కరెంటు చాలు, సంచి మెకానిక్ ముఖం మీదే పేలడానికి. టెస్ట్ ల్యాంపు పెట్టి చూడటమూ అంతే ప్రమాదం.

అంతకన్నా ఘోరం ఇంకోటుంది. పేలిన సంచి స్థానంలో చిన్న రెసిస్టర్ పెట్టి మీటర్ బోర్డులో ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక లైటు ఆర్పేయడం. యూనిట్ సంచి ఉందనుకుంటుంది, యజమానీ అలాగే అనుకుంటాడు. తర్వాత ఆ కారు కొన్న కుటుంబం ఖాళీ స్టీరింగ్ వెనక కూర్చుంటుంది.

దీనికి షెడ్డు మెకానిక్‌ను ఒక్కడినే తిట్టడం అన్యాయం. అతనికి కంపెనీ వైరింగ్ పటం దొరకదు, సరైన స్కానర్ ఉండదు. 2022లో కేంద్రం తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్ పరిధిలో వాహనాలూ ఉన్నాయి. ఆ పోర్టల్ ద్వారా వైరింగ్ పటాల సమాచారం కామారెడ్డి షెడ్డు దాకా రావాలి.

బీమా లెక్క మరీ విచిత్రం. మామూలు పాలసీలో టైర్లు, బ్యాటరీలతో పాటు ఎయిర్‌బ్యాగ్‌కూ 50 శాతం తరుగుదల కోస్తారు. టైరు అరుగుతుంది, సరే. ఒక్కసారీ పేలని సంచి ఏం అరిగిందని? తరుగుదల కోయని జీరో డెప్ కవర్ తీసుకోని మధ్యతరగతి మనిషి సగం ఖరీదు చేతి నుంచి పెట్టుకోలేక రెసిస్టర్‌కు ఒప్పుకుంటున్నాడు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్‌ను 2019 జూలై 1 నుంచి తప్పనిసరి చేసిన ప్రభుత్వమే ఆ తరుగుదలను తీసేయించాలి.

2022 ఏప్రిల్‌లో హ్యుందయ్ కేసులో సుప్రీంకోర్టు, వినియోగదారుడు వేగం, బలం లెక్కలు కట్టే భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదంది. విచ్చుకోని సంచికి తయారీదారుదే బాధ్యతంది. ఆ న్యాయం రిపేరుకూ వర్తించాలి. ఏ తీగ మార్చారో, స్కానర్‌లో ఏ లోపాల కోడ్‌లు వచ్చాయో బిల్లులో రాసి సంతకం పెట్టనిదే క్లెయిమ్ మంజూరు చేయొద్దు.

పాత కారు కొనేవారు తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరుతోందో లేదో చూడాలి. అసలు వెలగకపోతే అనుమానించాలి. వెలిగి ఆరినా రెసిస్టర్ మోసం బయటపడదు కాబట్టి, బీమా క్లెయిమ్ చరిత్ర అడగాలి. అందులో ముందు వైపు గట్టి దెబ్బ కనిపిస్తే, కొత్త ఎయిర్‌బ్యాగ్ కొన్న బిల్లు చూపించేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు.