దారిని చూసి టైరు, బరువును చూసి గాలి



పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మా సంఘస్థుడొకాయన వేపచెట్టు కింద ఆగి, "అయ్యగారూ, ఒక చిన్న మాట" అన్నాడు. ఇంట్లో ఏదైనా కష్టమేమో అనుకున్నాం.

"సైకిళ్లకు టైర్లు మార్చాల. షాపాయన నాలుగు రకాలు చూపిస్తాడు. ఒకటి మెత్తగా పోతాదంట, ఒకటి బిరీన పోతాదంట, ఒకటి చానా ఏండ్లు వస్తాదంట. మూడూ ఒకే దాంట్లో ఉండేది ఇయ్యప్పా అంటే నవ్వుతాడు. మీరు చానా కాలం సైకిలు తొక్కినారు గదా, ఏది తీసుకోమంటారు?"

మాట చిన్నదే గాని దాని వెనుక ఉన్నది చిన్నది కాదు. ఆ ఇంట్లో రెండు సైకిళ్లు ఉన్నాయి. ఒకదాని మీద ఆయన పొద్దున్నే పాలక్యాన్లు కట్టుకుని పాల కేంద్రానికి పోతాడు. రెండోదాని మీద కూతురు హైస్కూలుకు పోతుంది. పంచర్ల వల్ల ఆ పాప ఆ వారంలో రెండు దినాలు బడికి పోలేదు. "ఇట్ల నడిదారిలో నిలబడేదానికంటే ఇంట్లో ఉండేదే మేలు" అని అవ్వ అప్పుడే అనడం మొదలుపెట్టింది. ఆ మాట ఒకసారి ఇంట్లో పుట్టిందంటే ఎక్కడికి పోయి ఆగుతుందో పల్లెల్లో ఉన్న మనకు తెలియనిది కాదు.

ఆడపిల్ల చదువుకూ సైకిలుకూ ఉన్న సంబంధాన్ని ప్రభుత్వాలు కూడా గుర్తించాయి. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్ల పథకం పెట్టింది. హైస్కూలు దూరంగా ఉన్న పల్లెలలోనే దాని మేలు ఎక్కువగా కనబడిందని తరువాత పరిశీలించినవారు రాశారు. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' అనే పేరుతో ప్రభుత్వ బడులలోని బాలికలకు సైకిళ్లు పంచిన ఏళ్లు ఉన్నాయి. అయితే సైకిలు ఇచ్చేవారు ఒకసారి ఇస్తారు. టైరు మార్చవలసినది మాత్రం ఇంటివారే. అందుచేత ఈ నెల టైర్ల సంగతే మాట్లాడుకుందాం.

గాలి టైరు రాక మునుపు సైకిళ్లకు గట్టి రబ్బరు పట్టీలే ఉండేవి. 1888లో బెల్‌ఫాస్టు నగరంలోని జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. రాళ్లు పరచిన వీధుల్లో తన కుమారుడి మూడు చక్రాల సైకిలు అదరకుండా ఉండాలని రబ్బరు గొట్టంలో గాలి నింపి, గుడ్డతో చుట్టి, చక్రానికి బిగించడంతో ఆ పని మొదలైంది. అంతకు ముందే 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ ఇట్లాంటిదే కనిపెట్టి పేటెంటు పొందాడు గాని అది జనం వాడుకలోకి రాలేదు. డన్‌లప్ కోరింది బిడ్డ సుఖం. అయితే మరుసటి ఏడాది, 1889లో, విలియం హ్యూమ్ అనే ఆయన ఆ గాలి టైర్లతో పందేలలో దిగి గెలిచాడు. సుఖం కోసం చేసినది వేగాన్ని కూడా తెచ్చింది. ఇందులో ఆశ్చర్యం లేదు. చక్రం ప్రతి రాయి మీదా ఎగిరిపడితే మన కాలి సత్తువ కొంత ఆ ఎగరడానికే ఖర్చయిపోతుంది. గాలి టైరు ఆ రాయిని తనలోకి తీసుకుని ముందుకు సాగిపోతుంది.

అయితే షాపాయన నవ్వడానికి కారణం కూడా ఉంది. టైరు నేలను తాకిన చోట కొంచెం నలిగి, పైకి వచ్చాక మళ్లీ సాగుతుంది. చక్రం తిరిగినంతసేపూ ఈ నలగడం, సాగడం జరుగుతూనే ఉంటాయి. మనం తొక్కే బలంలో కొంత అక్కడ వేడిగా మారి పోతుంది. టైరు పలుచగా, తేలికగా ఉంటే సులువుగా వంగుతుంది, తక్కువ బలం తింటుంది. అదే వేగం. కాని పలుచని రబ్బరు తొందరగా అరుగుతుంది, ముల్లు దిగడానికి సులువు. మందపు రబ్బరు ముల్లును ఆపుతుంది, ఎక్కువ కాలం వస్తుంది. కాని బరువుగా తిరుగుతుంది. ఇక వెడల్పుగా ఉన్న దానిలో గాలి ఎక్కువ పడుతుంది గనుక అదురు తక్కువ. సుఖం, వేగం, మన్నిక మూడూ కొంతవరకు కలుస్తాయే గాని మూడూ నిండుగా ఒకే టైరులో దొరకవు. ఏది మనకు ముఖ్యమో మనమే నిర్ణయించుకోవాలి.

సన్న టైరైతేనే బిరీన పోతుందని పిల్లల నమ్మకం. నున్నని తారు రోడ్డు మీద, గట్టిగా గాలి కొట్టినప్పుడు అది నిజమే. కాని రెండు టైర్లలో గాలి ఒత్తిడి ఒకటే అయితే వెడల్పు టైరే తక్కువ నలుగుతుంది. కంకర తేలిన బాటలో సన్న టైరు అదిరి అదిరి ఉన్న వేగాన్ని కూడా పోగొట్టుకుంటుంది. అట్లాగే పెద్ద పెద్ద బొడిపెలున్న టైరు చూడడానికి బలంగా కనబడుతుంది. మట్టి బాటలో, తడి నేలలో దానికి పట్టు ఎక్కువ. తారు మీద మాత్రం అది రొద చేస్తూ బరువుగా పోతుంది, ఆ బొడిపెలు కూడా త్వరగా అరిగిపోతాయి.

మన బైరెడ్డిపల్లె ప్రాంతంలో దారి ఒక్క తీరుగా ఉండదు. పలమనేరు, వెంకటగిరికోటల వైపు పోయే తారు రోడ్డు ఒక రకం. అక్కడి నుంచి పల్లెలోకి దిగే కంకర బాట ఇంకొక రకం. వంక దాటి చేను గట్టుకు పోయే బండి బాట మరొకటి. మీ సైకిలు రోజూ ఏ బాటలో ఎంత దూరం పోతుందో, దాని మీద ఎంత బరువు ఎక్కుతుందో ముందు ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి. టమోటా బాక్సులు, గడ్డి మోపులు, పాలక్యాన్లు మోసే సైకిలుకు మందపు టైరు కావాలి. పుస్తకాల సంచి మోసే సైకిలుకు అంత మందం అక్కరలేదు.

రెండవది కొలత. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. టైరు గోడ మీద అంకెలు ఉంటాయి. పెద్దలు తొక్కే పాత తరహా సైకిలుకు సాధారణంగా 28 × 1½ అని ఉంటుంది. ఆడపిల్లల సైకిళ్లు అనేకం 26 × 1⅜. లావు టైర్ల కొత్త రకం సైకిళ్లకు 26 × 1.95 వంటి అంకె ఉంటుంది. ఈ రెండూ 26 కదా అని ఒకదానికి బదులు ఇంకొకటి తెస్తే రిమ్ము మీద కూర్చోదు. ఒకదాని లోపలి వ్యాసం 590 మిల్లీమీటర్లు, రెండోదానిది 559. ఇంకొక విచిత్రం చూడండి. 26 × 1.75 అన్నా, 26 × 1¾ అన్నా లెక్కల మాస్టారికి ఒకటే. రిమ్ముకు ఒకటి కాదు, అవి వేర్వేరు టైర్లు. అందుచేత గోడ మీద 40-635 అనో, 37-590 అనో ఉన్న జంట అంకెలు చూడండి. మొదటిది వెడల్పు, రెండవది లోపలి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. రెండవ అంకె మీ పాత టైరుతో తప్పక కలవాలి. షాపుకు పోయేటప్పుడు ఆ అంకెలు కాగితం మీద రాసుకుని పొండి. పిల్లల చేత రాయిస్తే ఇంకా మంచిది.

కొనేటప్పుడు టైరును చేతితో వంచి చూడండి. సన్నని పగుళ్లు కనబడితే వద్దు. షాపు ముందర ఎండలో చాలాకాలం వేలాడిన టైరు కొత్తదే అయినా దాని రబ్బరుకు ముసలితనం వచ్చి ఉంటుంది. సైకిలు టైర్లకు భారత ప్రమాణం ఐ.ఎస్. 2414. ఆ గుర్తు ఉందేమో చూడండి. ట్యూబు తీసుకునేటప్పుడు బ్యూటైల్ రబ్బరుది అడగండి. మామూలు రబ్బరు ట్యూబు కంటే అందులో గాలి ఎక్కువ దినాలు నిలుస్తుంది.

మూడవది గాలి. ఎంత మంచి టైరైనా గాలి లేకపోతే చెడుతుంది. గాలి తక్కువగా ఉన్న చక్రం రాయి మీద ఎక్కినప్పుడు ట్యూబు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పాము కాటు వేసినట్టు ఉంటుంది. అది ముల్లు పని కాదు, మన అశ్రద్ధ. మరీ ఎక్కువ గాలి కొడితే నడుము నొప్పి, కంకర మీద జారుడు. గోడ మీద రాసిన మోతాదును దాటకుండా, బరువు మోసే వెనుక చక్రానికి కొంచెం ఎక్కువ, ముందు దానికి కొంచెం తక్కువ ఉంచాలి. పంచరు లేకపోయినా గాలి కొంచెం కొంచెం దిగుతూనే ఉంటుంది. వారానికి ఒకసారి పంపు పట్టండి.

మన ప్రాంతంలో సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ సైకిలుకు పెద్ద శత్రువులు. ఈ పల్లేరు అమెరికా దాకా పోయి అక్కడి సైకిలువారిని కూడా ఏడిపిస్తోంది. పంచరు వేసిన తరువాత ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల ఒక గుడ్డను చుట్టూ తిప్పండి. విరిగిన ముల్లు మొన లోపలే ఉండిపోతే వేసిన పంచరు ఇంటికి చేరకముందే మళ్లీ పడుతుంది.

ఇక మా సంగతి ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ల క్రితం, పరిచర్య మొదలుపెట్టిన కొత్తలో, మేము గృహ దర్శనాలకు సైకిలు మీదే తిరిగేవారం. ముందు టైరు గోడ చిట్లి దారాలు బయటికి వచ్చాయి. షాపాయన, "ఇది పనికిరాదు, మార్చేయండి" అన్నాడు. మేము పాత టైరు ముక్కను గేటరుగా లోపల పెట్టించుకుని, వచ్చే నెల చూద్దాం అన్నాం. అట్లా మూడు నెలలు గడిచాయి. ఒక రాత్రి దూరపు పల్లె నుంచి కబురు వచ్చింది. ఒక పెద్దమ్మకు బాగాలేదు, ప్రార్థనకు అయ్యగారిని రమ్మంటోందని. వెంటనే బయలుదేరాం. సగం దూరం పోయాక దిగుడులో ఆ టైరు పగిలింది. మోకాలు చీరుకుపోయింది. సైకిలు నెట్టుకుంటూ చీకట్లో నడిచాం. చేరేటప్పటికి తెల్లవారుతోంది, పెద్దమ్మ కన్నుమూసింది. "మీ కోసం రెండుసార్లు అడిగింది అయ్యగారూ" అన్నారు ఇంటివారు. ఎవరూ నిష్ఠూరం ఆడలేదు. దారిలో టైరు పగిలిందని మాత్రమే చెప్పాం. అది పనికిరాదని మూడు నెలలుగా మాకు తెలుసునన్న మాట ఆ దినం మా నోట రాలేదు. ఈ పత్రికలో ఇప్పుడు చెబుతున్నాం.

అందుచేత ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. బాగున్న టైరు ఎప్పుడూ ముందు చక్రానికే ఉండాలి. బరువు వల్ల వెనుకది ముందుగా అరుగుతుంది గనుక కొత్తది తెచ్చి వెనుక వేయడం మనకు అలవాటు. అట్లా కాకుండా, ముందున్నది గట్టిగా ఉంటే దాన్ని వెనుకకు మార్చి, కొత్తది ముందు వేయండి. వెనుక టైరు పగిలితే చాలాసార్లు తమాయించుకుని దిగవచ్చు. ముందుది పగిలితే హ్యాండిలు మన మాట వినదు. దారాలు కనబడిన టైరును గేటరుతో నడిపించడం ఇంటికి చేరడానికే, నెలలు గడపడానికి కాదు.

మా సంఘస్థుడికి ఏమి చెప్పామంటే: "నీ సైకిలుకు 28 × 1½ లో మందపు నైలాన్ టైరు వెయ్యి. కొంచెం బరువుగా తొక్కుడు పడుతుంది, ఓర్చుకో. పాప పోయేది కొంత కంకర, మిగతా అంతా తారు. ఆమె 26 × 1⅜ కు మరీ పలుచనిది వద్దు, బొడిపెలదీ వద్దు, గీతల టైరు మధ్యరకంది చాలు. ఇంకా ఒక చిన్న పంపు, ఉప్పు కాగితం, సొల్యూషన్, నాలుగు ప్యాచీలు కొను. పంచరు వేసేది పాపకు నేర్పించు."

"ఆడపిల్లకు ఎందుకయ్యగారూ ఆ పని?" అన్నాడు.

"దారిలో ఒంటరిగా నిలబడేది ఆ పిల్లే కదప్పా" అన్నాం.

ఆయన కాసేపు మాట్లాడలేదు. మరుసటి శనివారం ఆ ఇంటికి పోయి ముగ్గురం కూర్చుని నేర్చుకున్నాం. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూడడం, చిల్లు చుట్టూ ఉప్పు కాగితంతో రుద్దడం, సొల్యూషన్ పూసి తడి ఆరేదాకా ఆగడం, ఆ తరువాతే ప్యాచీ అంటించి గట్టిగా నొక్కడం. ఆగడమే కష్టం. తొందరపడి తడి మీద అంటించినది నిలవదు.

మొన్న ఆదివారం ఆ పాప వేళ్లకు సొల్యూషన్ అంటుకుని ఉంది. ఏమ్మా అని అడిగితే, శుక్రవారం దారిలో ముల్లు దిగిందనీ, తానే వేసుకుని బడికి పోయాననీ చెప్పింది. మొదటి గంట తప్పిపోయిందట. తక్కిన బడంతా దొరికింది.

ఈ శనివారం సాయంత్రం మీ ఇంట్లోని సైకిళ్లను కూడా తలకిందులుగా నిలబెట్టి, చక్రాలు తిప్పి, టైరు గోడలు చూడండి. బయలుదేరే ముందు ప్రార్థన చేసుకోవడం మంచి అలవాటు. గాలి చూసుకోవడం కూడా.