అంగిలి మీద నిప్పు



ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ అనే అలవాటు మీలో అనేకులకు తెలుసు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొనను నోటిలోపల ఉంచి పీలుస్తారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతపు పల్లెల్లో ఇది ముఖ్యంగా స్త్రీల అలవాటు. గాలికి చుట్ట ఆరిపోదనీ, నిప్పురవ్వ చీర మీద పడదనీ పెద్దలు చెబుతారు. తల్లిని చూసి కూతురు నేర్చుకుంది.

కాని ఆ వేడీ పొగా నేరుగా అంగిలిని తాకుతాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించిన వైద్యులు, అడ్డపొగ వలన అంగిలి మీద కలిగే మచ్చలను, పుండ్లను గూర్చి 1971లో ప్రచురించారు. అటువంటి మచ్చలలో కొన్ని కాలక్రమేణా కేన్సరుగా మారతాయి.

అయితే నిరాశపడనక్కరలేదు. శ్రీకాకుళంతోపాటు కేరళ, గుజరాత్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారిని కలిసి, ఓపికగా బోధించి, వారి నోళ్లు పరీక్షించిన మరొక ప్రయత్నం ఫలితాలు 1986లో వెలువడ్డాయి. అనేకులు పొగాకు మానారు, తగ్గించారు. కొత్త మచ్చలూ తగ్గాయి. ఏళ్లనాటి అలవాటు కూడా మానవచ్చునని దీనివలన తెలుస్తున్నది.

ఇక్కడ సంఘానికి ఒక మాట. చుట్ట తాగే తల్లిని నలుగురిలో నిందిస్తే ఆమె మానదు, దాచుకుంటుంది. చుట్టను దాచుకున్న తల్లి నోటిలోని పుండును కూడా దాచుకుంటుంది. అది ప్రాణానికే ముప్పు. అందుచేత స్త్రీల సమాజంవారు ఆమె ఇంటికి వెళ్లి, ప్రక్కన కూర్చుని, ప్రార్థించి, వెలుతురులో నోరు చూడండి. రెండు మూడు వారాలైనా మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, నోరు సరిగా తెరుచుకోకపోవడం, మెడలో గడ్డ కనబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. తొలిదశలోనే కనిపెడితే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ.

పురుషులారా, బీడీ, ఖైనీ, గుట్కా, వక్కపొడి కూడా ఆ కోవకే చెందుతాయి. వాటికి సారా తోడైతే నోటికి, గొంతుకు ముప్పు మరింత పెరుగుతుంది. అలవాటు మానడానికి సహాయం కావలసినవారు 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఇంటిలో ఆకుకూరలు, కూరగాయలు, పండ్లు ఎక్కువగా తినండి. ఒళ్లు వంచి పనిచేయండి, బరువు పెరగనివ్వకండి. ముప్పై దాటిన స్త్రీలు రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షల గురించి దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో అడగండి. తొమ్మిది నుండి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కేన్సరు రాకుండా టీకా ఉన్నది.

ఇవన్నీ పాటించినవారికీ ఈ వ్యాధి రావచ్చును. కాబట్టి రోగియైన సహోదరిని చూచి, ఏ పాపము చేసిందో అని ఎవరూ గుసగుసలాడకూడదు. మన దేహము దేవుని ఆలయమని అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘమునకు బోధించాడు. ఆలయాన్ని శుభ్రంగా ఉంచుకోవడం మన వంతు. పొరుగువాని ఆలయం కూలిపోతుంటే చేయి అందించడం కూడా మన వంతే.

ఈ వారమే మీ ఇంటిలోని అవ్వను, అమ్మను ప్రేమతో నోరు చూపించమని అడగండి. ప్రభువు మీ కుటుంబములను కాపాడును గాక. ఆమేన్.