గెట్టు కన్నా ముందు కాగితం

మద్నూర్ రైతు పాసుపుస్తకంలో విస్తీర్ణం దగ్గర 2.20 అని ఉందనుకుందాం. రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఎకరాకు నలభై గుంటలన్న సంగతి పట్టని వాడెవడో దాన్ని దశాంశంగా చదివి కంప్యూటర్‌లోకి ఎక్కించాడంటే అది రెండెకరాల ఎనిమిది గుంటలై కూర్చుంటుంది. గెట్టు ఎవరూ జరపలేదు, నాగలి ఎవరూ పక్కకు తిప్పలేదు, పన్నెండు గుంటలు మాత్రం పోయాయి. అదే అంకెతో సలాబత్‌పూర్ చెక్‌పోస్టు దాటి మహారాష్ట్రలోని దేగ్లూర్ వెళ్లండి. అక్కడి భూమి రికార్డు సాత్‌బారాలో 2.20 అంటే రెండు హెక్టార్ల ఇరవై ఆర్లు. మన లెక్కలోకి తెస్తే ఐదెకరాల పదిహేడు గుంటలు.

ఇచ్చిపుచ్చుకోవడాలు రాష్ట్ర సరిహద్దును లెక్కచేయని చోటు ఇది. తెలుగు, మరాఠీ, కన్నడం ఒకే అరుగు మీద వినబడతాయి. అత్తగారి భూమి అటు, తండ్రి భూమి ఇటు ఉన్నవాళ్లకు గుంట, ఆర్ ఒకటేననిపిస్తుంది. చిన్న తునకల దగ్గర అది దాదాపు నిజమే కూడా. ఆర్ అంటే నూరు చదరపు మీటర్లు, గుంట అంటే నూటొక్క చదరపు మీటర్ల చిల్లర. తేడా అంతా పై లెక్కలో ఉంది. హెక్టారుకు ఆర్లు నూరు, ఎకరాకు గుంటలు నలభై. ఆ ఒక్క చుక్కకు కుడివైపున ఏ లెక్క నడుస్తోందో దరఖాస్తులో రాయకపోతే చదివేవాడి ఇష్టమే రాజ్యం.

సర్వే తగాదా అనగానే మనకు గెట్టు పంచాయితీ గుర్తొస్తుంది. పక్క పొలం వాడు ఏటా నాలుగు వేళ్లు లోపలికి దున్నుకున్నాడనో, సర్వేయర్ ఎవరి పక్షమో వహించాడనో మాట్లాడుకుంటాం. అలాంటివి లేవనను. కానీ సర్వే వెనక్కి రావడానికీ, వచ్చిన నక్షా చెల్లకపోవడానికీ ఎక్కువ కారణాలు పొలంలో పుట్టవు. మీసేవ కేంద్రంలో దరఖాస్తు నింపేటప్పుడే, ఏ కాగితం జత చేయాలో తెలియక చేతికందినది జత చేసేటప్పుడే పుడతాయి. యంత్రం దిగేసరికే తప్పు జరిగిపోయి ఉంటుంది.

ఇప్పుడే ఈ మాట ఎందుకంటే, కాగితానికి ఇంతకుముందు లేని బరువు వస్తోంది. భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. ప్రయోగంగా తీసుకున్న నాలుగు మండలాల్లో ఒకటి మన కామారెడ్డి జిల్లాలోని లింగంపేటే. ఈ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్‌కు సర్వే నక్షా జత కావాలి, కమతానికో భూధార్ సంఖ్య రావాలి. (భూభారతి అన్న పేరు ఇక్కడివాళ్లకు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో రీసర్వేకు పైలట్‌గా ఎంచుకున్నది అప్పటి నిజామాబాద్ జిల్లానే, ఆ పథకానికి పెట్టిన పేరూ ఇదే. అది రాష్ట్రమంతా పాకకుండానే ఆగింది.) ఇన్నాళ్లూ తప్పుడు విస్తీర్ణం పహాణీలో ఒక అంకెగా ఉండేది. రేపటి నుంచి అది అక్షాంశ రేఖాంశాలతో సహా గీతగా మారుతుంది. అంకెను కొట్టేసి తిరగరాసినంత సులువు కాదు గీతను చెరపడం. అవతలి గీత పక్కవాడిది కదా.

అసలు మూల రికార్డు ఏది? పాసుపుస్తకం కాదు. ఈ ప్రాంతానికి నిజాం కాలంలో బొంబాయి పద్ధతిలో సర్వే జరిగింది. ముప్పై మూడు అడుగుల గొలుసుతో కొలిచారు. ఆ గొలుసు నిలువు, ఆ గొలుసు అడ్డం వేస్తే వచ్చే చదరమే గుంట. కొలతలు టిప్పన్‌లో, విస్తీర్ణం సేత్వార్‌లో, ఊరి రూపం నక్షాలో ఉంటాయి. 1954-55 ఖాస్రా పహాణీ ఆ తర్వాతి మెట్టు. బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు 1956 నవంబరు దాకా నాందేడ్ జిల్లా దేగ్లూర్ తాలూకాలో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనప్పుడు ఇటు వచ్చాయి. అంటే ఖాస్రా రాసేనాటికి ఈ పక్క భూములు వేరే జిల్లావి. ఆ తర్వాత నిజామాబాద్, 2016 అక్టోబరు నుంచి కామారెడ్డి. మద్నూర్‌లో నుంచి డోంగ్లీ వేరు మండలమైంది. పాత నకలు కావాలని దరఖాస్తు పెట్టేటప్పుడు ఊరి పేరుతో పాటు ఆనాటి తాలూకా, జిల్లా కూడా రాయండి. ఇవ్వాళ్టి మండలం పేరు ఒక్కటే రాస్తే, వెతికేవాడు నిజాయితీగా వెతికినా ఖాళీ చేతులతో వచ్చే ప్రమాదం ఉంది.

టిప్పన్ దొరికిందనే అనుకుందాం. అందులోనూ ఓ ఉచ్చు ఉంది. పాత గొలుసుకు పదహారు అణాలు. టిప్పన్ మీద 5-8 అంటే ఐదు గొలుసుల ఎనిమిది అణాలు, అంటే ఐదున్నర గొలుసులు, నూట ఎనభై ఒకటిన్నర అడుగులు. దాన్ని 5.8గా చదివితే నూట తొంభై ఒక్క అడుగులు దాటుతుంది. ఒక్క గెట్టు మీదే పదడుగులు! విస్తీర్ణానికి నలభై, పొడవుకు పదహారు, సరిహద్దు అవతల నూరు. ఇన్ని లెక్కల మధ్య బతికిన పాత పట్వారీలకు ఇవి వేళ్ల మీద ఉండేవి. వాళ్ల ఘనకార్యాలన్నీ మెచ్చుకోదగ్గవి కావు గానీ, ఈ ఒక్క విద్యను వాళ్ల దగ్గర నేర్చుకోకుండానే వాళ్లను సాగనంపాం.

ఇక బై నంబర్లు. నా లెక్కలో అసలు ముడి ఇక్కడే ఉంది. సేత్వార్‌లో ఒక సర్వే నంబరు పదెకరాలు, అందులో ఇరవై గుంటలు సాగుకు పనికిరాని పోట్ ఖరాబ్ అనుకోండి. తాత చేతిలో ఉన్నంతకాలం ఒకే ముక్క. నలుగురు కొడుకులు పంచుకున్నాక అ, ఆ, ఇ, ఈ. మనవళ్ల కాలానికి ఒకటి, రెండు, మూడు అని ఇంకా చీలింది. మధ్యలో ఒకరు రిజిస్టర్ కాని సాదాబైనామా మీద ఎకరం అమ్ముకున్నారు. ఈ చీలికల్లో ఎన్నిటిని పొలంలో కొలిచి విడగొట్టారు? చాలామట్టుకు కాగితం మీది భాగహారాలే. పంచేటప్పుడు ఖరాబ్‌ను ఒకరు లెక్కలో కలిపారు, ఇంకొకరు తీసేశారు. అమ్మినవాడి ఖాతాలో తగ్గాల్సింది తగ్గలేదు, కొన్నవాడి ఖాతాలో మాత్రం పెరిగింది. అన్నీ కూడితే పదెకరాల ముప్పై గుంటలు తేలుతుంది. రెవెన్యూవాళ్లు ఆర్‌ఎస్‌ఆర్ తేడా అనేది దీన్నే. 2017 భూ రికార్డుల ప్రక్షాళనలో ఇలాంటివి కొన్ని తేల్చారు, తేలనివి పార్ట్ బీలో పడేశారు, కొన్ని ఎవరి కంటా పడకుండా 2020లో ధరణి పోర్టల్‌లోకి అలాగే నడిచాయి.

ఇప్పుడు ఆ పాలోళ్లలో ఒకాయన తన ‘ఆ’ ముక్కను మాత్రమే కొలవమని ఎఫ్-లైన్ దరఖాస్తు పెడతాడు. సర్వేయర్ వస్తాడు. నేల మీద పదెకరాలే ఉంటుంది, యంత్రం అంతకు మించి చూపదు. కాగితాల మీద అదనంగా ఉన్న ముప్పై గుంటలు ఎవరి వాటాలోంచి తీయాలి? ఆ తీర్పు చెప్పే అధికారం సర్వేయర్‌కు లేదు. ముందుగా కొలిపించుకున్నవాడికి పూర్తిగా దక్కి, చివరివాడికి కొరత పడితే అది కొలత కాదు, పందెం. అందుకే బై నంబర్లున్న చోట ఒంటరిగా దరఖాస్తు పెట్టడమే మొదటి పొరపాటంటాను. మొత్తం నంబరుకు, పాలోళ్లందరి పేర్లతో, ఎవరు ఎక్కడ కాస్తులో ఉన్నారో చూపే పంపకపు పటంతో పెట్టండి. అందరినీ ఒకచోట కూర్చోబెట్టడం కష్టమని తెలుసు. పదేళ్ల తర్వాత కోర్టులో కూర్చోబెట్టడం అంతకంటే కష్టం.

పొలం సంగతికొస్తే, నల్లరేగడికి ఒక గుణం ఉంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పాతిన రాయి ఏళ్ల మీద ఒరుగుతుంది, కూరుకుపోతుంది. మిగిలినదాన్ని ట్రాక్టర్ పెకలిస్తుంది. పత్తి చేలో హద్దు రాయి కనబడటం అదృష్టమే. రాయి లేనప్పుడు ఇప్పుడున్న గెట్టునే హద్దుగా చూపించి కొలిపించుకుంటే, జరిగిన జరుగుబాటుకు మనమే ముద్ర వేయించుకున్నట్టు. మూడు ఊళ్లు కలిసే చోట ఉండే రాయి నుంచో, టిప్పన్‌తో సరిపోయే మరో స్థిరమైన గుర్తు నుంచో మొదలుపెట్టమని అడగాలి. అలా అడగడం సర్వేయర్‌ను అవమానించడం కాదు. మంజీర ఒడ్డు ఊళ్లలో వాగు, నది కోసుకుపోయిన చోట ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

ఈమధ్య ఫోన్‌తో పొలం చుట్టూ నడిచి, తెర మీద వచ్చిన అంకెను పట్టుకొని సర్వేయర్‌తో వాదించేవాళ్లు ఎక్కువయ్యారు. ఆరుబయట కూడా మామూలు ఫోన్ జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపుతుంది. నూరు మీటర్ల గెట్టు మూడు మీటర్లు పక్కకు జరిగితే మూడు వందల చదరపు మీటర్లు, అంటే దగ్గరదగ్గర మూడు గుంటలు. ఎరువు బస్తాలు ఎన్ని కావాలో తేల్చుకోవడానికి ఆ లెక్క చాలు. హద్దుకు చాలదు.

పక్క పొలాల వాళ్లకు నోటీసు అందిందో లేదో చూసుకోవడం దరఖాస్తుదారు పని కాదనుకుంటాం. అందకపోతే నష్టపోయేది అతనే. హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో ఉన్న పక్కవాడు తిరిగొచ్చి నాకు తెలియదంటే ఆ సర్వే నిలబడదు. పంచనామా దగ్గర ఇంకో తంతు నడుస్తుంది. పొద్దు వాలుతుంటుంది, అందరూ అలసి ఉంటారు, “ఏం కాదు తాతా, ఇక్కడ దస్కతు పెట్టు” అంటారు. రాసింది చదవరు. ఖాళీ వదిలిన గడులు తర్వాత నిండుతాయి. చదివి వినిపించే దాకా దస్కతు పెట్టనని చెప్పే హక్కు ఆ తాతకుంది. చెబితే మొండివాడంటారు, అననివ్వండి.

జాతీయ రహదారి 161 విస్తరణకు భూమి ఇచ్చిన రైతులకు ఒక మాట. పోయిన గుంటలు ఏ బై నంబరులోంచి పోయాయో భూసేకరణ అవార్డు ప్రతితో సరిచూసుకోకుండా సర్వేకు వెళ్లకండి.

తప్పు ఎక్కడుందో చెప్పి తిప్పిపంపే పద్ధతికి బయట ఒక ఉదాహరణ ఉంది. న్యూజిలాండ్‌లో 2002 నాటి కెడాస్ట్రల్ సర్వే చట్టం కింద లైసెన్సున్న సర్వేయర్లు తమ సర్వేలను ల్యాండ్‌ఆన్‌లైన్ అనే వ్యవస్థలో దాఖలు చేస్తారు. ప్రభుత్వ శాఖ వాటిని నిబంధనలతో సరిపోల్చి, లోపం ఉంటే ఏ నిబంధన దగ్గర ఏం తప్పిందో రాసి తిప్పిపంపుతుంది. సరిదిద్దే బాధ్యత సర్వేయర్‌దే. లైసెన్సు సర్వేయర్ల పద్ధతి మనకూ వచ్చింది. 2025 అక్టోబరులో వేలమందికి లైసెన్సులిచ్చారు. వాళ్లలో ఎక్కువమంది కుర్రవాళ్లు, యంత్రం బాగా తెలిసినవాళ్లు. సేత్వార్, టిప్పన్ చదవడంలో వాళ్లకెంత తర్ఫీదు అందిందన్నదే నా అనుమానం. యంత్రం సెంటీమీటర్ల దాకా కచ్చితంగా చెబుతుంది, ఎక్కడి నుంచి కొలవాలో మాత్రం చెప్పదు.

ఆంధ్రప్రదేశ్ అనుభవం కళ్ల ముందే ఉంది. 2020 డిసెంబరులో డ్రోన్లతో రీసర్వే మొదలుపెట్టారు. సాంకేతికతకు లోటు లేదు. చాలామంది రైతుల భూములను కలిపి ఒకే ల్యాండ్ పార్సెల్ మ్యాప్ (ఎల్పీఎం) నంబరు కింద చూపడంతో, విస్తీర్ణం తగ్గిందన్న ఫిర్యాదులతో 2024లో అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం దాన్ని ఆపి, ఊరూరా సభలు పెట్టాల్సివచ్చింది. తెలంగాణలో అసలు నక్షాయే లేని గ్రామాలు 413 ఉన్నాయని ప్రభుత్వమే చెప్పింది. అక్కడ కొత్తగా కొలవడం తప్ప దారి లేదు. నక్షా ఉన్న మద్నూర్ లాంటి చోట్ల పాతది చదివి కొత్తది గీయాలి. ఇది మరింత ఓపిక కావలసిన పని.

తప్పంతా రైతుదేనని చెబితే అన్యాయం. ధరణి కాలంలో దరఖాస్తు తిరస్కరించామన్న ఒక్క ముక్క తప్ప ఎందుకో చెప్పని సందేశాలు ఎందరి ఫోన్లలోనో ఉన్నాయి. కారణం తెలియని రైతు అదే తప్పుతో మళ్లీ డబ్బు కడతాడు. కొత్త చట్టంలో అప్పీలుకు చోటిచ్చారు, మంచిదే. అప్పీలు దాకా పోనవసరం లేకుండా రెండు పనులు తహసీల్ ఆఫీసు స్థాయిలోనే చేయొచ్చు. సర్వే దరఖాస్తు తిప్పిపంపితే ఏ అంకె ఏ రికార్డుతో సరిపోలేదో తెలుగులో రాసి పంపాలి. మద్నూర్, డోంగ్లీ వైపు మరాఠీలో కూడా. నక్షా ఖరారు చేసేముందు ముసాయిదాను పంచాయతీ గోడకు అంటించి, పాలోళ్లకూ పక్కవాళ్లకూ అభ్యంతరం చెప్పే గడువివ్వాలి.

రైతులకు మాత్రం ఒకటే విన్నపం. పత్తి ఏరడం అయిపోయి చేలు ఖాళీ అయ్యేలోగా మీ నంబరు సేత్వార్, టిప్పన్ నకళ్లకు దరఖాస్తు పెట్టుకోండి. బై నంబర్లన్నీ కూడి చూసుకోండి, గుంటలను నలభై లెక్కన. కూడిక కుదరకపోతే సర్వేకు డబ్బు కట్టకముందే పాలోళ్లను పిలవండి.