కార్ల కానుక, పది రోజుల సెలవు

దీపావళికి ఉద్యోగులకు కార్లు పంచిన యజమానిగా సూరత్ వజ్రవ్యాపారి సావ్‌జీ ఢోలకియా పేరు దేశమంతా మారుమోగింది. 2018లో 600 మందికి కార్లిస్తే, కొందరికి తాళాలను ప్రధాని మోదీయే అందజేశారు. రాజకీయులకు అంతకన్నా మంచి ఛాయాచిత్రం దొరకదు.

2024 ఆగస్టు వార్తకు అంత మెరుపు లేదు. విదేశాల్లో వజ్రాల గిరాకీ పడిపోవడంతో ఆ నగరంలోని కిరణ్ జెమ్స్ 50,000 మందికి పది రోజుల సెలవు ప్రకటించింది. కొంత కోత ఉంటుందని దాచలేదు. అయినా అందరికీ జీతం చెల్లిస్తామంది. లాభాలు పొంగేటప్పుడు పంచడం సులువే. సరుకు కదలనప్పుడు ఉన్నమాట చెప్పి, మనుషులను నిలుపుకోవడానికే గట్టి నాయకత్వం కావాలి.

అయితే ఆ పెద్ద సంస్థల నీడ సూరత్ అంతటా పడదు. తెలంగాణ పద్మశాలీలూ పనిచేసే మరమగ్గాల నగరమది. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో వలస కార్మికులు బకాయి కూలి ఇమ్మని, ఊళ్లకు పంపమని అక్కడి వీధుల్లోకి వచ్చారు. యజమాని మంచివాడైతేనే కూలి దక్కే చోట కార్మిక శాఖ ఎందుకున్నట్టు? చిన్న ఖార్ఖానాల్లో రాయి లెక్కన కూలి తీసుకునే ‘రత్నకళాకారుల’లో ఎందరికో నేటికీ నియామక పత్రమే లేదు.