అనుకరణసభలు – అననుభాషణము

ఐక్యరాజ్యసమితిని అనుకరించు విద్యార్థిసభలలో ప్రసంగకాలమునకు, సవరణలకు, ఓటింగునకు నియమములున్నవి. ప్రతిపక్షవచనమును గ్రహించియే ఖండింపవలెనను నియమము సాధారణముగా కానరాదు. కౌటిల్యుడు చెప్పిన పరిమితార్థదూతవలె విద్యార్థి తనకు కేటాయించిన దేశపక్షమునే పలుకవలెను. కనుక చర్చ తత్త్వనిర్ణయార్థమైన వాదము కాక, విజయకాంక్షగల జల్పముగా మారుట సులభము.

న్యాయసూత్రములు పేర్కొన్న 22 నిగ్రహస్థానములలో అననుభాషణమొకటి. ముమ్మారు చెప్పబడి, సభకు తెలిసిన ప్రతిపక్షవాక్యమును మరల పలుకలేకపోవుటయే పరాజయహేతువు. దీనిని నియమావళిలో చేర్చవలెనని నా అభిప్రాయము. మహారాష్ట్ర, కర్ణాటకముల మీదుగా వచ్చు మంజీరాజలములపై జహీరాబాదు విద్యార్థులు సభ నడిపినచో, ఎగువవారి అవసరమును వారు అంగీకరించునట్లు చెప్పిన పిదపనే దిగువవారి వాదము సాగవలెను. ఈ శిక్షణకు ప్రాచ్యకళాశాలాధ్యాపకులే అర్హులు, వారు పూనుకొనదగును.