సీటు సరే, పడక ఏది?

వర్షాకాలం రాజధానికి ఏటా రెండు సమూహాలను తెచ్చిపెడుతుంది. పార్లమెంటు సమావేశాలకు వచ్చే సభ్యులు ఒకరు. విశ్వవిద్యాలయంలో ప్రవేశం పొంది, గది కోసం వీధులు కొలిచే విద్యార్థులు మరొకరు. కొత్త సభ్యునికి బంగళా సిద్ధం కాకపోతే వెస్టర్న్ కోర్టులోనో, రాష్ట్ర భవన్‌లోనో విడిది చూపుతారు. సముచితమే. కాని దేశమంతటికీ ఒకే ప్రవేశ పరీక్ష పెట్టి, ఏ మూలనున్న వారినైనా రమ్మని పిలిచిన ప్రభుత్వం, వచ్చిన విద్యార్థి ఆ రాత్రి ఎక్కడ తలదాచుకోవాలన్న ప్రశ్నను మాత్రం ఇళ్ళ బ్రోకరుకు అప్పగించి ఊరకున్నది.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుకు ఈ ఉమ్మడి పరీక్ష 2022లో వచ్చినది. కళాశాలలలో చాలావాటికి వసతిగృహమే లేదు. ఉత్తరాన విజయనగర్, కమలానగర్. దక్షిణాన, మన శ్రీ వేంకటేశ్వర కళాశాల సమీపాన, సత్యనికేతన్. అక్కడ గది అంటే ఒక మంచం, ఒక ప్లగ్గు; కిటికీ ఉంటే అదృష్టం. అడ్వాన్సు, బ్రోకరు వాటా గాక, మాంసం తింటారా, ఏ కులం, ఏ ఊరు అన్న పృచ్ఛ అదనం. చదువుకునే చోటికి కూడా నేలమాళిగే గతి. 2024 జూలై 27న రాజేంద్రనగర్‌లో అటువంటి గ్రంథాలయంలోకి వాననీరు పోటెత్తి ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయినారు.

‘ఏ ఊరు?’ అన్న ప్రశ్నకు ‘గొల్లపల్లి’ అని బదులు చెప్పవలసిన విద్యార్థినిని ఊహించండి. ఇది తెలుగునాట ఉన్న గొల్లపల్లులలో ఒకటి కాదు. బస్తరు దక్షిణపు కొసన, ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కొంటా ప్రాంతంలోనిది. పేరు తెలుగు. ఆ ప్రాంతపు దోర్లల మాటలో తెలుగు కలగలిసి ఉంటుంది. 2005లో సల్వాజుడుం మొదలైన తర్వాత అక్కడ ఎన్నో బడులు మూతపడినవి, కూలినవి. ఎన్నో కుటుంబాలు ఖమ్మం అడవులకు తరలిపోయినవి. ఆ తర్వాత ప్రభుత్వం వెదురు తడికలతో ‘పోర్టా కేబిన్’ ఆశ్రమ పాఠశాలలు కట్టినది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ పిల్లలకు బడి, అన్నం, పడక వేర్వేరు కావు. మూడూ ఒకే కప్పు కింద దొరికినందువల్లనే వారు పన్నెండవ తరగతి దాకా రాగలిగినారు. విశ్వవిద్యాలయం గడప దగ్గరకు రాగానే ప్రభుత్వం ఆ మూడింటిలో ఒకదానిని మాత్రమే చేతిలో పెట్టి, మిగిలిన రెండూ మీరు చూసుకొమ్మంటున్నది.

షెడ్యూల్డ్ తెగల పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనం ఉన్నది గదా అనవచ్చు. 2010 జూలై నుంచి అమలైన పట్టికలో వసతిగృహ విద్యార్థికి నిర్వహణ భత్యం ఎంత ఎక్కువైనా నెలకు 1200 రూపాయలే. ఇక 2024 జూన్‌లో, కేంద్ర ఆర్థికమంత్రి అధ్యక్షతన జి.ఎస్.టి. మండలి, విద్యాసంస్థల వెలుపలి హాస్టళ్ళలో నెలకు 20,000 రూపాయల వరకు ఉన్న అద్దెకు పన్ను మినహాయించినది. మంచి పనే. కాని పన్నుల లెక్కలో విద్యార్థి గది ఇరవైవేలు కావచ్చునట. భత్యం లెక్కలో పన్నెండు వందలు దాటరాదట. ఈ రెండు కాగితాలనూ ఎవరైనా ఒకే బల్లమీద పెట్టి చూసినారా?

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఢిల్లీ ద్వారకలో గిరిజన యువజన హాస్టల్ నడుపుతున్నది. అందలి 50 స్థానాలను 185కు పెంచడం ప్రశంసనీయం. అయితే అది సివిల్ సర్వీసు పరీక్షలకు సిద్ధమయ్యేవారి కోసం. కలెక్టరు కాదలచినవారికి పడక ఉన్నది, ముందు బి.ఏ. కావలసి ఉన్నదన్న మాట మరచినట్లున్నారు.

పూర్వం తెలుగునాట పేద విద్యార్థులు వారాలు చేసుకొని చదివేవారు. ఆ వారాలు కులం చూసి పెట్టినవే. దోర్ల పిల్లవానికి ఏ ఇంట విస్తరి వేసేవారు? 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ వెలసినది మొదలు, వసతిగృహం కట్టుకొన్న సమాజాలు చదువులో ముందుకు సాగినవి. కట్టుకోలేని వారికి ప్రభుత్వమే దిక్కు.

మన భవన్ మాట కూడా అనక తప్పదు. ఇండియాగేటు దగ్గరి ఆంధ్రభవన్ ఆస్తి 19.73 ఎకరాలు రెండు రాష్ట్రాల మధ్య పంపకం కావడానికి పదేళ్ళు పట్టి, 2024 మార్చిలో తేలినది. శబరి బ్లాకు తెలంగాణ వంతుకు వచ్చినది. ఆ శబరి కొంటా పక్కనే పారే నది. కొత్త భవనాలు కట్టేటప్పుడు, గది దొరికేదాకా నెలరోజులు ఉండనిచ్చే ఒక అంతస్తు విద్యార్థులకు కేటాయిస్తే రెండు ప్రభుత్వాలకూ ఖజానా కరిగిపోదు. ఛత్తీస్‌గఢ్ పిల్లతో మనకేమి పని అనేవారు నది పేరు పెట్టుకొనేటప్పుడు సరిహద్దు చూసుకోలేదు.

అసలు బాధ్యత కేంద్రానిది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో గిరిజనులకు నూటికి 7.5 సీట్లు కేటాయించినప్పుడు, ప్రవేశపత్రం మీదనే పడక సంఖ్య కూడా వేసి ఇవ్వవలసి ఉన్నది. ములుగులో సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం తెలిపినది. 2024లో తాత్కాలిక భవనంలో తరగతులు మొదలైనవి. గొల్లపల్లికి ఢిల్లీ కన్న అది ఎంతో దగ్గర. కేంద్రీయం గనుక సరిహద్దు అడ్డురాదు. అక్కడ కట్టబోయే భవనాల వరుసలో వసతిగృహం ఎన్నవదో, ఈ సమావేశాలలో ప్రశ్నోత్తరాల వేళ మన తెలుగు సభ్యులలో ఒక్కరైనా లేచి అడుగవచ్చును.