సంతాన రొట్టె పక్కనే వైద్య సలహా ఉండాలి

సంపాదకులకు,

నెల్లూరు స్వర్ణాల చెరువులో మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగపై ఇటీవల వెలువడిన వ్యాసం, బారాషహీద్ దర్గా వద్ద సంతాన రొట్టె పట్టే స్త్రీలను కేవలం మూఢనమ్మకానికి లోబడినవారుగా చిత్రించడం న్యాయం కాదు. కోరిక తీరినవారు ఇచ్చే రొట్టెను అదే కోరిక ఉన్నవారు అందుకునే ఆ ఆచారం, గొడ్రాలన్న నింద మోసే స్త్రీ తన బాధను నలుగురిలో తలదించుకోకుండా చెప్పుకోగల అరుదైన సందర్భం.

గర్భనిరోధకాలు వాడకుండా ఏడాదిపాటు క్రమంగా కలిసినా గర్భం నిలవని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వంధ్యత్వం అంటుంది. కారణం పురుషునిలోనూ ఉండవచ్చు కనుక, నొప్పిలేని వీర్యపరీక్ష మొదటే జరగాలి. స్త్రీలలో అండం విడుదల కాకపోవడం, అండాన్ని గర్భాశయానికి చేర్చే ఫాలోపియన్ నాళాలు మూసుకుపోవడం ముఖ్య కారణాలు కాగా, ఆ నాళాలను దెబ్బతీసే జననేంద్రియ క్షయ దగ్గు వంటి లక్షణమేదీ లేకుండా ఏళ్ల తరబడి దాగి ఉండగలదు. యోని కండరాలు స్త్రీ ప్రమేయం లేకుండా బిగుసుకుని కలయిక కష్టమయ్యే వెజినిస్మస్‌ను వ్యాసం ప్రస్తావించనే లేదు. చికిత్సకు లొంగే ఆ సమస్యను మొండితనంగా ఎంచడం క్రూరత్వం.

2019లో గుంటూరులో డెబ్బై దాటిన స్త్రీ ఐవీఎఫ్‌తో కవలలను కన్న ఉదంతాన్ని ఆదర్శంగా చూపడమూ తగదు; 2021 నాటి చట్టం ఆ చికిత్సకు స్త్రీకి 50, పురుషునికి 55 ఏళ్ల వయోపరిమితి విధించింది.

పండుగ వైద్య శిబిరాల్లో దంపతులిద్దరికీ ఏకాంతంగా సలహా ఇచ్చే స్త్రీవైద్య నిపుణురాలిని జిల్లా ఆరోగ్యశాఖ నియమించాలని విజ్ఞప్తి.

— ఒక పాఠకురాలు, నెల్లూరు